నడవకుండా పెట్టిన టిక్కు

జనం చెప్పుకునే కథ

నంద్యాల సదస్సు గురించి జనం చెప్పుకునే కథను నేను మూడు రకాలుగా విన్నాను. ఒకదాంట్లో నేను లేచి నిలబడి రిటైరైన కల్నల్‌ను కడిగేశాను. ఇంకోదాంట్లో మైకు లాక్కున్నాను. మూడోది మా ఆడపడుచు చెప్పేది, అందులో హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మూడింట్లోనూ మనిషి యంత్రాన్ని ఓడిస్తుంది, ఆ మనిషిని నేను. వినడానికి బాగానే ఉంటుంది. జరిగింది మాత్రం అది కాదు.

నంద్యాల జిల్లా అయ్యాక పెద్ద ఊళ్ల సదస్సులు మా ఊరికీ రావడం మొదలైంది. "జియోస్పేషియల్ ఇంటెలిజెన్స్, జాతీయ భద్రత" అని ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆడిటోరియంలో రెండు రోజుల సభ పెట్టారు. ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో ఎక్కడ ఏముందో, ఏం మారిందో కనిపెట్టి, అది దేశానికి ప్రమాదమా కాదా అని చెప్పే వ్యాపారం అది. కంపెనీలవాళ్లు, రిటైరైన సైనికాధికారులు, పోలీసులు, హాజరు కోసం తెచ్చి కూర్చోబెట్టిన విద్యార్థులు వచ్చారు. మాట్లాడిన ప్రతివాడూ "జాతీయ భద్రత" అనే ముందు ఒకసారి గొంతు సవరించుకున్నాడు. నేను ఇరవై ఎనిమిదేళ్లు ఆ బొమ్మలు చదివే ఉద్యోగం చేసి, యాభై ఒకటో ఏట నా అంతట నేనే మానుకున్నదాన్ని. పుట్టింది ఆళ్లగడ్డ, ఉండేది నంద్యాల. దారిఖర్చు లేని వక్త దొరికిందని నన్ను పిలిచి, భోజనాల తర్వాత ఎనిమిది నిమిషాలు ఇచ్చారు.

భోజనాలకు ముందు ప్రత్యూష అనే కంపెనీ అమ్మాయి తమ సాఫ్ట్‌వేర్ చూపించింది. తెలివైన పిల్ల, గబగబా మాట్లాడుతుంది. తెర మీద డ్రోన్ తీసిన బొమ్మ వచ్చింది. ఒక రేకుల షెడ్డు, దాని ముందు మనుషుల్లా నిలబడిన నలభై దాకా నీడలు, వాటి చుట్టూ ఎర్ర గీత. "పదకొండు రోజులుగా ఒకేచోట గుంపు. కదలిక చాలా తక్కువ. అనుమానాస్పదం అని మా సిస్టమ్ దానంతట అదే గుర్తించింది" అంది.

నా పక్కన కాలేజీ అటెండరు రమణయ్య నిలబడి ఉన్నాడు. ఆయనదీ ఆళ్లగడ్డే. నా వైపు వంగి, "ఏందమ్మా ఇది, మా బావమరిది షెడ్డు గదా! ఆ చివర ఉండేది ఆంజనేయస్వామి. ఆర్డరిచ్చినోళ్లు తీసకపోలేదు, ఆర్నెల్ల నుంచి ఆడనే నిలబడుకోనుండాడు" అన్నాడు.

నేను లేచి చెప్పాను. "అవి ఆళ్లగడ్డ శిల్పుల విగ్రహాలమ్మా. సగం దేవుళ్లు, సగం నాయకులు. కదిలితే అప్పుడు ఫోన్ చేయండి." హాలంతా నవ్వింది. కల్నల్ కూడా నవ్వాడు. నేను ఎవరినీ కడిగేసింది లేదు. కనిపెట్టింది రమణయ్య, మైకు అందింది నాకు. ఈ వృత్తిలో పేరు ఎట్లా వస్తుందో కొత్తగా చేరేవాళ్లకు తెలియాలంటే ఈ ఒక్క ముక్క చాలు.

జనం కథ ఆ నవ్వు దగ్గర ఆగిపోతుంది. తెర మీద దాని తర్వాత ఇంకో బొమ్మ వచ్చింది. దాన్ని ఎవరూ చెప్పుకోరు, ఎందుకంటే ఆ బొమ్మ వచ్చినప్పుడు నేను కూర్చుండిపోయాను. అది ఎందుకో తెలియాలంటే మా ఆఫీసు గది సంగతి ముందు చెప్పాలి.

అరటితోటా మిరప కళ్లమూ

ఏ ఆఫీసో చెప్పను. ప్రభుత్వానిది, పటాలు తయారుచేసేది, హైదరాబాదులో ఉండేది. చేరిన మొదటి వారం నాకు మహానంది చుట్టుపక్కల తీసిన ఉపగ్రహ చిత్రం ఇచ్చారు. అందులో ఒక పెద్ద ముక్క ఎర్రగా మెరుస్తోంది. నేను సంతోషంగా "మిరప కళ్లం" అని రాశాను. మా ప్రాంతం నాకు తెలియదా, ఎండబెట్టిన మిరపకాయలు చూడలేదా అని ధీమా. ఆ రకం చిత్రాల్లో పచ్చటి ఆకు ఎర్రగా పడుతుందని అప్పటికి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అది అరటితోట.

మా పై అధికారి నరసింహులు సారు నవ్వలేదు. ఆయన కర్నూలు వైపు మనిషి, గొలుసు పట్టుకుని పొలాలు కొలిచి పైకొచ్చినవాడు. నేను రాసింది చూసి, "నువ్వు బొమ్మను సూడలేదమ్మా. నీ ఊరిని తల్చుకున్యావ్" అన్నారు. ఉద్యోగం మొత్తంలో నాకు అందిన పాఠం అదొక్కటే. అర్థం చేసుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

కుర్రవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ల గురించే. ఏది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందంటారు. ఏదైనా నేర్చుకోండి, ఐదేళ్లకు అది పోతుంది. మారనిది ఒకటుంది. పైనుంచి చూస్తే కనపడేది ఆకారం. ఆ ఆకారానికి ఒక పేరు రాసేది మీరు. పేరు రాసినాక ఆకారాన్ని మళ్లీ ఎవరూ చూడరు, పేరే చూస్తారు. బెలుం గుహల మీద నేల పైనుంచి చూస్తే మామూలు పొలం. కింద అంత పెద్ద గుహ ఉందని తెలిసింది దిగి చూసినవాళ్ల వల్లే. మన పని అంతా పైనుంచి చూసి కింద ఏముందో చెప్పడం. ఇందులో గర్వపడటానికి ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"రాయి ఏదమ్మా?"

నరసింహులు సారు గదిలో ఒక పద్ధతి ఉండేది. బొమ్మ చూసి ఊహించిన పేరు పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టాలి. ఆ చోటికి కాలినడకన పోయి కళ్లారా చూసొస్తేనే ప్రశ్న గుర్తు చెరిపి ఎర్ర సిరాతో టిక్కు పెట్టాలి. ఆ టిక్కు పక్కన ఎవరి నంబరు వాళ్లు వేయాలి. నా నంబరు పదిహేడు. దాన్ని మేము కాలి టిక్కు అనేవాళ్లం.

పోయి చూసినట్టు రుజువు ఏమిటంటే, రాయి. ప్రతి చోటు నుంచీ ఒక చిన్న రాయి తెచ్చి, కాగితంలో చుట్టి, పైన నంబరు రాసి, గళ్లగళ్ల చెక్కపెట్టెలో పెట్టాలి. ఫీల్డు నుంచి రాగానే ఆయన అడిగే మొదటి మాట "రాయి ఏదమ్మా?" అన్నం తిన్నావా అని కూడా తర్వాతే. నంద్యాల దగ్గర కుందూ ఒడ్డున రాయి దొరకదు, అంతా నల్లరేగడి. అక్కడి నుంచి మట్టిగడ్డ తెస్తే ఒప్పుకునేవారు. రాయిని వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇది నల్లమల రాయి. నువ్వు రాసింది కోయిలకుంట్ల. మళ్లా పో" అని ఒకతన్ని వెనక్కి పంపడం నేను చూశాను. పై డైరెక్టరుకు ఇదంతా నవ్వులాట. "ఇది మ్యూజియమా నరసింహులుగారూ?" అని అడిగాడు. "కాదు సార్, హాజరు పట్టీ" అన్నారీయన.

ఆ డైరెక్టరు చెడ్డవాడేం కాదు. నెలకు ఎన్ని పటాలు అయ్యాయన్నదే ఆయన ధ్యాస. ఇప్పటి వాళ్లకు నరసింహులు సార్లు దొరకరు, డైరెక్టర్లే దొరుకుతారు. అందుకే ఈ రాయి సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

అవుకు దగ్గర

ఇరవై ఏళ్ల కిందటి మాట. మే నెల. అవుకు, బనగానపల్లె వైపు రాతి గనులు, కాలువ పనులు, వాటికి సంబంధించిన కట్టడాలు పటంలో పెట్టే పని నాది. రెండు రోజుల్లో పదకొండు చోట్లు తిరిగాను. పన్నెండోది మిగిలింది. జీపు ఒక టీ బంకు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి ఆ చోటుకు రెండు కిలోమీటర్లు, నాపరాతి గనుల మధ్య నడిచే దారి. మధ్యాహ్నం ఒంటిగంట.

బొమ్మలో ఆ కట్టడం స్పష్టంగా ఉంది. చిన్న చదరపు గది, చుట్టూ మట్టికట్ట, ఏ ఇంటికీ దగ్గర లేదు. కాలువ పనుల్లో బండలు పేల్చే మందు దాచే గదులను అట్లాగే కడతారు, మందు కొట్టం అంటారు. పైగా అది నాకు తెలిసినదే. మా నాయన కాలువ కాంట్రాక్టరు దగ్గర స్టోరుకీపరుగా చేసినప్పుడు, నాకు ఎనిమిదేళ్లు, నన్ను సైకిలు మీద అటు తీసుకుపోయి, దూరం నుంచి చూపించి, "ఆ పక్కకు పోగాకు పాపా, మందు కొట్టం అది" అన్నాడు. దాని మీద ఎర్ర జెండా ఉండేది. ముందు ఒక కాపలా మనిషి కూర్చుని ఉండేవాడు.

మా ఊరి వైపు కాని ఉద్యోగి అయితే తిట్టుకుంటూ అయినా ఆ రెండు కిలోమీటర్లు నడిచి ఉండేవాడు. నాకు ఆ అవసరం లేదనిపించింది. నేను చూసిందే కదా! చూసి ఇరవై ఐదేళ్లయిందన్న లెక్క తట్టలేదు. టీ తాగాను. బంకు పక్కన పడి ఉన్న నాపరాయి పెచ్చు ఒకటి తీసి సంచిలో వేసుకున్నాను.

హైదరాబాదులో నరసింహులు సారు ఆ పెచ్చును తిప్పి తిప్పి చూశారు. అవుకు చుట్టూ ఎక్కడ తవ్వినా అదే నాపరాయి. ఆయనకు తేడా ఏం తెలుస్తుంది?

"నడిసి పోయినావా?"

"పోయినా సార్."

ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను. "పేలుడు మందు నిల్వ. పోయి చూసినది. 17." నా సర్వీసులో తప్పులు చాలా చేశాను, అవన్నీ తెలియక చేసినవి. సారుకు చెప్పిన అబద్ధం మాత్రం ఇదొక్కటే. అప్పుడు దాన్ని అబద్ధం అని కూడా అనుకోలేదు, సమయం ఆదా అనుకున్నాను. ఇదే మాటను సదస్సులో కనీసం పదిసార్లు విన్నాను.

రెండో బొమ్మ

విగ్రహాల నవ్వులు సద్దుమణిగాక ప్రత్యూష కొంచెం చిన్నబోయి, "మనుషుల గుంపుల విషయంలో ఇంకా నేర్పిస్తున్నాం మేడమ్. కట్టడాల విషయంలో మాత్రం తిరుగులేదు. చూడండి" అని తర్వాతి బొమ్మ పెట్టింది.

జిల్లా పటం. దాని మీద ఎర్ర చుక్కలు. అనుమతి లేని పేలుడు మందు నిల్వలు కావచ్చునని తమ సిస్టమ్ పట్టుకున్న చోట్లు అని చెప్పింది. మూలన ఒక చదరంలో ఆ సిస్టమ్‌కు నమూనాగా ఇచ్చిన చోటును పెద్దది చేసి చూపించారు. చిన్న గది, చుట్టూ మట్టికట్ట, అవుకుకు తూర్పున.

నేను ఇంకా నిలబడే ఉన్నాను. "అక్కడికి ఎవరైనా పోయి చూశారా?" అని అడిగాను.

"చూశారు మేడమ్. అందుకే అది నమూనా. మనిషి స్వయంగా వెళ్లి నిర్ధారించింది. రికార్డులో ఉంది" అని, బొమ్మ కింద సన్నటి అక్షరాల మీద చుక్క లైటు వేసింది. అక్కడ నా నంబరుంది.

హాలు నా వైపు చూస్తోంది, ఇంకో జోకు వస్తుందని. నేను కూర్చున్నాను. భోజనాల తర్వాత నా ఎనిమిది నిమిషాల్లో అరటితోట కథ చెప్పి నవ్వించి, శాలువా కప్పించుకుని దిగాను. యంత్రాన్ని ఓడించిన మనిషి ఆ మధ్యాహ్నం చేసింది అదీ.

సాయంత్రం ప్రత్యూషను పట్టుకుని, "ఆ నమూనా తప్పయితే?" అని అడిగాను.

"ఒక్కటి తప్పయితే ఏం కాదు మేడమ్. వందల నమూనాల నుంచి నేర్చుకుంటుంది."

"మందు నిల్వల నమూనాలు ఎన్ని ఉన్నాయి?"

ఆమె లాప్‌టాప్‌లో వెతికింది. కాసేపటికి తలెత్తి, "మనిషి చూసి నిర్ధారించినవా? ఈ ప్రాంతానికైతే... ఆ ఒక్కటే" అంది.

ఖాసింబీ ఇల్లు

మరుసటి వారం బస్సులో బనగానపల్లె మీదుగా అవుకు పోయి, ఆటో ఎక్కి, ఇరవై ఏళ్ల కిందట జీపు ఆగిన చోట దిగాను. టీ బంకు లేదు, బండల పాలిష్ మిషన్లు ఉన్నాయి. రెండు కిలోమీటర్లు నడవడానికి నాకు ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. అంతే. ముప్పై ఐదు నిమిషాలు.

మట్టికట్ట అట్లాగే ఉంది, దాని మీద గోరింట చెట్లు పెంచారు. గదికి కిటికీలు పెట్టారు, ముందు రేకుల పంచ దించారు. పంచలో ఒకామె చేటలో శనగలు ఏరుతోంది. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నదై ఉంటుంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టి లేచి, ఇంటి తలుపు బార్లా తీసింది.

"సూసుకోండి మేడమ్. ఆధార్ కార్డులు కూడా ఉండాయి, తెమ్మంటారా?"

నేను పోలీసును కాదని చెప్పాను. ఆమె నమ్మలేదు. "ఆడోళ్లను పంపిస్తాండారేమో ఇప్పుడు, మంచిదే. మొగోళ్లయితే బూట్లతోనే వంటింట్లోకి వస్తారు" అంది.

ఆమె పేరు ఖాసింబీ. కాలువ పని ముగిసి కాంట్రాక్టరు పోయాక, ఆ నేల చెక్కను గదితో సహా ఆమె మామ కొన్నాడు. ఖాసింబీ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది నేను టిక్కు పెట్టడానికి ఐదేళ్ల ముందు. అంటే ఆ మే నెల మధ్యాహ్నం నేను నడిచి ఉంటే, ఈ పంచలో ఆమె, ఇద్దరు పిల్లలు, మేకలు కనిపించి ఉండేవి.

"మందు దాసిన గది అని తెల్సు మాకు. గోడలు ఇంత లావు ఉండాయి సూడు. ఎండాకాలం కూలరు కూడా వద్దు. మంచి ఇల్లేనమ్మా. ఈ పోలీసోళ్లే."

పదేళ్లుగా వస్తున్నారట. మంత్రి ఎవరైనా వస్తే వస్తారు. శివరాత్రికి శ్రీశైలం నడకదారి జనం కదిలినప్పుడు వస్తారు. ఎక్కడో ఏదో పేలిందని టీవీలో చెబితే, తెల్లారేసరికి వాకిట్లో ఉంటారు. కొట్టరు, తిట్టరు. బియ్యం డబ్బాలు తెరిపిస్తారు, మంచాలు ఎత్తిస్తారు, పేర్లు రాసుకుని పోతారు. పెద్ద కూతురు నిఖా రోజు వచ్చారు. పెళ్లికొడుకు తరఫువాళ్లు షామియానా కింద కూర్చుని చూశారు.

పటాలు కంప్యూటర్లలోకి ఎక్కి, జాబితాలు స్టేషన్లకు చేరింది కూడా సరిగ్గా ఆ పదేళ్ల కిందటే. నాకు ఆ లెక్క కలిసింది. వాళ్లకు వేరే లెక్క కలిసింది. అదే ఏడు ఖాసింబీ భర్తకు, అతని అన్న మాబు సాహెబుకు బాట దగ్గర గొడవైంది. గొడవైన నెలకే పోలీసులు మొదటిసారి వచ్చారు.

"మా బావనే అర్జీ పెట్టినాడు. ఇంగెవరికి పని? ఈ ఇంట్లో మందు ఉండాదని రాసిచ్చినాడు. ఆ పొద్దు నుంచి మాటల్లేవు. మా ఆయన సచ్చిపోతే మట్టికి కూడా రానీలేదు మేము" అంది ఖాసింబీ.

మాటకు మాట తడుముకోదని నాకు పేరు. నీళ్లడిగి తాగాను. తర్వాత చెప్పాను. అర్జీ ఎవరూ పెట్టలేదు, రాసింది నేను, ఇక్కడికి రాకుండానే వచ్చినట్టు రాశాను అని.

ఆమెకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి ఆమె టిక్కు అంటే ఏమిటని అడిగింది. రెండోసారి విని, చేటలోని శనగలను డబ్బాలో పోసి, మూత పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, "ల్యాయ్, పోదాం" అంది.

"ఎక్కడికి?"

"నాకు చెప్పి ఏం లాభం? ఆ ఇంట్లో చెప్పు, పా."

మాబు సాహెబు ఇల్లు మూడు వందల గజాలు కూడా ఉండదు. ఆయన వాకిట్లో కూర్చుని బండకు అంచు చెక్కుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. మరదలు గడప దాకా రావడం చూసి సుత్తి ఆపాడు, లేవలేదు. ఖాసింబీ లోపలికి పోలేదు, బయటనే నిలబడి నన్ను ముందుకు తోసింది. నేను మళ్లీ మొత్తం చెప్పాను. మూడోసారి చెప్పేసరికి కథ చిన్నదైపోయింది: రావలసింది, రాలేదు, వచ్చానని రాశాను, ఇప్పుడు అది చూసి ఒక మిషను నేర్చుకుంది.

ఆయన నా వైపు చూడలేదు. మరదలితోనే మాట్లాడాడు.

"నేను ఖురాన్ మీద సెయ్యి పెట్టి సెప్తే నమ్మలేదు. ఈ ఆఫీసరమ్మ బస్సు దిగి సెప్తే నమ్ముతాండావా?"

"బావా, మాకేం తెల్సు..."

"తెల్సని నేనన్యానా? నేను సెయ్యలేదని ఈ పొద్దు తెల్సింది, సరే. సేస్తానని ఎట్ల అనుకుంటిరి? నా తమ్ముడు అదే అనుకోని సచ్చిపాయ. వాణ్ని పోయి నమ్మిచ్చేది ఎవరు? ఈ అమ్మనా?"

ఖాసింబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం ఆయన చూశాడు. సుత్తి కింద పెట్టి లోపలికి కేకేశాడు, "ఏమే, మంచం వాల్చు. నిలబడుకోనుండారు."

నేను ఊహించుకుని పోయిన దృశ్యం ఇది కాదని ఒప్పుకుంటున్నాను. నిజం చెప్తే మెలిక విడిపోతుందని అనుకున్నాను. ఆ పూట ఇద్దరూ ఒకే మంచం మీద రెండు చివర్లలో కూర్చున్నారు. టీ తాగారు. నేను బయల్దేరుతుంటే మాబు సాహెబు మొదటిసారి నన్ను నేరుగా అడిగాడు.

"అమ్మా, నువ్వు రాసింది ఈ ఒక్క ఇంటి మీదనేనా?"

"నేను రాసింది ఇదొక్కటే."

"మరి ఆ మిషను?"

జవాబులు

మా పాత ఆఫీసుకు ఉత్తరం రాశాను. నా తప్పు, నా నంబరు, నా అబద్ధం, అన్నీ స్పష్టంగా రాసి సంతకం పెట్టాను. ఆ రికార్డు చాలా కాలం కిందటే అప్పగించేశామని, సవరించే అధికారం ఇప్పుడు తమకు లేదని జవాబొచ్చింది. నా మీద చర్య కూడా తీసుకోరట, నేను సర్వీసులో లేను కాబట్టి. స్టేషనుకు పోతే, తమకు జాబితా పైనుంచి వస్తుందని, పేరు ఉన్నంతకాలం పోయి చూడటం తమ డ్యూటీ అని ఎస్సై మర్యాదగానే చెప్పాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు.

కంపెనీకి ఉత్తరంతో పాటు ఒక రాయి కూడా పంపాను. ఖాసింబీ వాకిట్లోది, ఈసారి నిజంగా అక్కడిదే. కాగితంలో చుట్టి, నంబరు వేసి, పార్సిల్ చేశాను. వాళ్ల సెక్యూరిటీ నుంచి ఫోనొచ్చింది: "మేడమ్, పార్సిల్లో బరువైన వస్తువేదో ఉంది. ఏమిటది?" రాయి అన్నాను. "ఎందుకు పంపారు?" హాజరు పట్టీ అన్నాను. ఫోను పెట్టేశాడు. పది రోజులకు ప్రత్యూష స్వయంగా మాట్లాడింది. తెలివైన పిల్ల అని ముందే అన్నాను, మంచి పిల్ల కూడా. ఖాసింబీ ఇంటి మీది గుర్తు తీసేశామంది.

"ఆ నమూనా చూసి నేర్చుకున్నది?"

"అది అట్లా విడిగా తీయడానికి రాదు మేడమ్. మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. అది పైవాళ్లు తేల్చాలి."

"మిగతా చుక్కలు?"

"అవి ఇచ్చేశాం మేడమ్. అడిగినవాళ్లకు."

ఈ శివరాత్రికి పోలీసులు ఖాసింబీ ఇంటికి మళ్లీ వచ్చారు. ఆమె నాకు ఫోన్ చేసింది. "వచ్చినారక్కా. సూసుకోని పోయినారు." కోపం కూడా లేదు గొంతులో. తర్వాత, అడగకుండానే, "ఈసారి మా బావ వచ్చి వాకిట్లో కూసున్యాడు, వాళ్లు పోయిందాంక" అంది.

మిగిలిన చుక్కలు

సదస్సులో ఆ రెండో బొమ్మను నేను ఫోన్లో ఫొటో తీసుకున్నాను. ఎందుకు తీశానో అప్పుడు తెలియదు. దాంట్లో చదవగలిగిన చుక్కలు పంతొమ్మిది. వాటిలో ఇప్పటికి ఏడింటికి నడిచి పోయాను. ఒకటి పంపుసెట్టు గది. ఒకటి ఖబరస్థాన్‌లో పారలు పెట్టుకునే కొట్టం. రెండు మేకల దొడ్లు. ఒకదాంట్లో విత్తనాలు దాస్తారు. ఒకదాంట్లో మతి చెడిన తమ్ముణ్ని పెట్టి చూసుకుంటున్న అక్క ఉంది, నన్ను చూసి తలుపు వేసేసింది, ఆ ఇంటికి కూడా "సార్లు" వచ్చి పోయారట. ఏడోది నిజంగానే మందు కొట్టం, లైసెన్సు కాగితం గోడకు అంటించి ఉంది. అంటే యంత్రం పూర్తిగా తప్పు కాదు. దాన్ని తిట్టి చేతులు దులుపుకునే వీలు నాకు లేదు. అది నేను నేర్పిందే నేర్చుకుంది, దూరంగా చిన్నగా ఉన్న గదిని అనుమానించమని.

ఏడు రాళ్లు తెచ్చాను. నరసింహులు సారు లేరు, ఆ చెక్కపెట్టె ఏమైందో తెలియదు. కోడిగుడ్ల అట్టలో పెట్టుకున్నాను, గుంటకు ఒకటి. మా ఆయన ఫ్రిజ్ పక్కన దాన్ని చూసి రెండుసార్లు గుడ్లనుకుని చెయ్యి పెట్టాడు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు, కాబట్టి నీతి వదిలేసి అడుగుతున్నాను. నేను ఫొటో తీసిన ఆ బొమ్మ జిల్లా సరిహద్దు దగ్గర కత్తిరించి ఉంది. గీతకు ఆనుకుని ఒక సగం చుక్క కనిపిస్తుంది, మిగతా సగం అవతల ఉంది. ఆ గీత దాటాక, నా పదిహేడో నంబరు టిక్కును చూసి నేర్చుకున్నది, ఇంకా ఎన్ని ఇళ్ల మీద చుక్క పెట్టింది? వాటిలో ఒక్కదానికైనా ఎవరైనా నడిచి పోయారా?